బాతునూగు బేరం

హేరాన్‌కి బరువంటే ఎంత భయమంటే, పళ్ళు తోముకునే బ్రష్షు పిడిని కూడా సగానికి కోసి పారేసింది.

భయపడదూ మరి! మొదటిసారి కొండెక్కినప్పుడు సగం దారిలోనే కూలబడిపోయింది. ఆమె మూటని మిగతావాళ్ళు వంతులేసుకుని మోశారు. ఆరోజు నుంచీ ఆ కొండలెక్కే గుంపులో ఆమె పేరు 'పార్సిల్'.

ఇప్పుడు శనివారం మళ్ళీ ప్రయాణం. గాలిమరల కొండ మీద, మంచులో, గుడారంలో పడక.

"ఈసారి నీ మూట నువ్వే మొయ్యాలి పార్సిలూ. మొయ్యలేకపోతే ఇంక మాతో రాకు," అని గుంపు పెద్ద యుంజొంగక్క ముందే చెప్పేసింది.

ఇంట్లో ఉన్న స్లీపింగ్ బ్యాగు చూస్తే పరుపుచుట్టంత ఉంది, పైగా వేసవిది. తేలికైన కొత్తది కొందామంటే ధర చూసే జ్వరమొచ్చింది.

అప్పుడు కనపడింది, పాత సామాన్లు అమ్ముకునే యాప్‌లో. బాతు నూగు కుక్కిన ఎర్ర స్లీపింగ్ బ్యాగు. చుడితే సొరకాయంత కూడా ఉండదు. ఊదితే ఎగిరిపోయేలా ఉంది. అంతకంటే చవక ఇంకోటి లేదు.

ఎవరు ముందు తన్నుకుపోతారో అని గుండె దడదడలాడుతుంటే, భోజనం కూడా మానేసి మెట్రో గేటు దగ్గరికి పరిగెత్తింది.

అక్కడో పెద్దాయన. చేతిలో ఎర్ర సంచీ, భుజాన ఇంకో పెద్ద మూట.

"యాప్‌లో బేరం మీదేనాండీ?"

"నాదే. నీకు చలెక్కువా?"

"ఏంటండీ?"

"పడుకుంటే పాదాలు చల్లబడతాయా అని."

"ఎండాకాలంలో కూడా మంచుగడ్డలే. ఎందుకూ?"

"ఎక్కడికి పోతున్నావు?"

"గాలిమరల కొండకి. శనివారం."

పెద్దాయన ఎర్ర సంచీని వీపు వెనక్కి లాక్కున్నాడు.

"అయితే నీకు అమ్మను."

"అదేంటండీ! రమ్మని చెప్పి! ఎక్కువిచ్చేవాళ్ళు దొరికారా?"

"ఇది ఆ చలికి ఆగదు తల్లీ."

"ఎందుకాగదు? ఎంత చలికి ఆగుతుందో చీటీ మీద రాసుంది. నేను చదివాను."

"చీటీ మీద రెండంకెలుంటాయి. నువ్వు చదివింది కిందది. అది ప్రాణం పోకుండా ఉండే లెక్క, నిద్రపట్టే లెక్క కాదు. అదీ కండపుష్టి ఉన్న మగాడికి."

భుజాన ఉన్న లావుపాటి స్లీపింగ్ బ్యాగు మూట దింపి ఆమె చేతుల్లో పెట్టాడు.

"ఇది పట్టుకుపో. డబ్బులొద్దు. వచ్చాక తెచ్చివ్వు."

హేరాన్ ముందుకి తూలింది. దూడని ఎత్తుకున్నట్టుంది.

"దీన్ని మోస్తే నేను కొండెక్కడం కాదు, కొండే నా మీదకెక్కుతుంది!"

"ఒళ్ళు నొప్పులదేముంది, పోతాయి."

ఆమెకి ఏడుపొచ్చింది. శనివారంలోపు ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది? తిట్టుకుంటూ మూట ఎత్తుకుని రైలెక్కింది.

రైల్లోనే యాప్ తెరిచింది. 'ఒకటి చూపించి ఇంకోటి అంటగడతాడు. మోసగాడు. నమ్మకండి,' అని రాసింది.

ఆ యాప్‌లో మనిషి మర్యాదని బట్టి ఒంటి వేడిలా ఒక అంకె చూపిస్తారు. హేరాన్ దాన్ని కిందకి నొక్కింది. కసి తీరక, గుంపులో వాళ్ళందరి చేతా మోసగాడని ఫిర్యాదు పెట్టించింది.

శనివారం చూడాలి ఆమె అవస్థ!

"పార్సిల్ ఇంకో పార్సిల్‌ని మోసుకొస్తోందర్రోయ్!" అని ఒకటే నవ్వు.

అయినా మొండిగా తనే మోసింది. అడుగడుక్కీ ఒక తిట్టు, ఆ పెద్దాయనకే.

కొండ మీద గాలి ఎలా కొట్టిందంటే, నోట్లోంచి వచ్చిన మాట పక్కవాడి చెవికి చేరేలోపు పక్క జిల్లాలో పడింది.

తెల్లారి హేరాన్ గుడారంలోంచి తల బయటపెట్టింది. ఒళ్ళంతా వెచ్చగా ఉంది, మెడ దగ్గర చెమట కూడా.

బయట యుంజొంగక్క పాదాలు నేలకేసి కొట్టుకుంటూ తిరుగుతోంది. నీళ్ళ సీసాలు రాళ్ళయిపోయాయి. తేలిక సంచీ తెచ్చుకున్న కుర్రాడొకడు పెదాలు నీలంగా మారి, మాట ముద్దయి, కూర్చున్నచోటే కళ్ళు మూస్తున్నాడు.

"పార్సిలూ, లెగు! వీణ్ణి నీ దాంట్లోకి తొయ్యాలి!"

ఇద్దరూ కలిసి వాణ్ణి ఆ పెద్ద మూటలోకి తోసి, జిప్పు లాగి, రెండు పక్కలా కావలించుకుని కూర్చున్నారు. చాలాసేపటికి వాడు "ఆకలేస్తోందక్కా" అన్నాడు.

అప్పుడు వణికింది హేరాన్. ఆ ఎర్రది ఇచ్చుంటే?

కిందికి దిగగానే ఫోను తీసింది. పెద్దాయనకి క్షమాపణ రాస్తే వెళ్ళలేదు. 'అనేక ఫిర్యాదుల వల్ల ఈ సభ్యుణ్ణి తొలగించాం' అని వచ్చింది.



మర్నాడు మూట ఆరబెట్టి, ఒక పెట్టె కమలాపళ్ళు కొని మెట్రో గేటు దగ్గర నిలబడింది. ఆ మర్నాడు కూడా. ఆయన రాలేదు.

గేటు పక్కనే, కింబాప్ అనే అన్నం చుట్టలు చుట్టి అమ్మే ఒకావిడ కొట్టు. లోపలికి తొంగిచూసింది.

"పిన్నీ, ఇక్కడ ఎర్ర సంచీతో ఒక పెద్దాయన..."

"ఆయనా? ఈ చలికాలమంతా ఇక్కడే కదా! వారానికొకరొచ్చి ఆయన్ని తిట్టిపోసి, మూట మాత్రం పట్టుకుపోయేవాళ్ళు."

"ఇప్పుడు రావట్లేదా?"

"ఎవరో యాప్‌లోంచి గెంటేశారంట. ఫోను నా చేతికిచ్చి, 'మళ్ళీ ఎలా చేరాలమ్మా' అనడిగాడు. నాకేం తెలుసు? మొన్నట్నుంచీ రావడమే మానేశాడు."

హేరాన్ కమలాపళ్ళ పెట్టె కింద పెట్టింది.

"ఆ ఎర్ర సంచీ... చివరికి ఎవరికీ అమ్మలేదా?"

"అమ్మడానికి పెట్టాడా ఏంటి! తేలిగ్గా ఉంది, చవగ్గా ఉందని మంచులోకి పోయేవాళ్ళు వెతుక్కుంటూ వస్తారుగా? వాళ్ళని ఆపడానికి పెట్టాడు."

"ఆయనకెందుకంత పట్టింపు?"

పిన్ని చేతిలో కత్తి పక్కన పెట్టింది.

"కిందటేడు వాళ్ళమ్మాయిని కొండ మీంచి మోసుకొచ్చింది ఆ ఎర్ర సంచీలోనే."