కుడి లైను

"కుడి లైను మళ్లా సల్లగయింది సారూ," అంటూ పౌలు కోళ్ల షెడ్డులోంచి బయటికి వచ్చాడు.

జయరాం ఫోను చెవి దగ్గర నుంచి తీయలేదు. ఆస్పరి దారిలోని ఆ షెడ్డు అతనిది. కోడిపిల్లల వెచ్చదనానికి బయట బాయిలరు పెట్టించి, లోపల నడవకు రెండు వైపులా వేడినీళ్ల పైపులు వేయించాడు. రోగాలు సోకుతాయని పౌలును తప్ప ఎవరినీ లోపలికి పోనివ్వడు. పౌలు నడవ మధ్యలో చేతులు చాపి, ఎడమ చేత్తో ఎడమ పైపును, కుడి చేత్తో కుడి పైపును ముట్టి చూస్తూ పోతాడు. ఎడమది ముట్టగానే చెయ్యి లాక్కుంటాడు. థర్మామీటరు పాడైనప్పుడు కొత్తది అడిగితే, "నీ చెయ్యి ఉండంగ మీటరెందుకప్పా?" అని జయరాం నవ్వాడు.

ఆదోని మెకానిక్కు వెంకటేశులు ఫోన్లో చెప్పినవన్నీ చేశారు. పైపులో పట్టిన గాలి వదిలారు. ఎడమ వాల్వు సగం మూసి, కుడిది పూర్తిగా తెరిచారు. పౌలు భార్య సారమ్మ బాయిలరులో వేరుశనగ పొట్టు పోస్తూనే ఉంది. అయినా కుడి వైపు పిల్లలు పైపు వదిలి, దూరపు గోడ కింద ఒకదాని మీద ఒకటి పడి చస్తున్నాయి.

"పోయిన బ్యాచీ ఇట్లే పాయె. ఇదీ పోతే రూము ఖాళీ చేసేయండి," అన్నాడు జయరాం.

సారమ్మ ఇంకో గంపెడు పొట్టు ఎత్తి బాయిలరులో పోసింది. హాలహర్విలో వాళ్ల ఇల్లు వానకు కూలిపోయాక, షెడ్డు పక్కన ఆ రూమే వాళ్లకు దిక్కు.

పౌలు మళ్లీ లోపలికి పోయాడు. ఈసారి కుడి పైపును గట్టిగా, చాలాసేపు పట్టుకున్నాడు. చెమటతో తడిసి బయటికి వచ్చి ఇంకా పొట్టు వేయమన్నాడు.

"ఇంగెంత ఎయ్యల్ల? బాయిలరు అదురుతాంది," అంది సారమ్మ.

"ఎయ్యి మే. ఆ పైపుకి సురుకే లేదు."

సాయంత్రానికి కుడి వైపు ఒక్క పిల్ల మిగల్లేదు. సంచులకెత్తి, గుంత తీసి పూడ్చారు. జయరాం రూము తాళం అడిగి తీసుకుని వెళ్లిపోయాడు.

సారమ్మ చెంబుతో భర్త చేతుల మీద నీళ్లు పోసింది. మట్టి కరిగి పోయింది. ఆమె చెంబు పక్కన పెట్టేసింది.

"మంట లేదా నీకి?"

"ఏం మంట?" అన్నాడు పౌలు.

కుడి అరచెయ్యంతా కాలి బొబ్బలెక్కి ఉంది.