చూసేవాళ్ళు లేని ఆట

"నాన్నా, ఇవాళైనా టీవీ పెడతారా, పెట్టరా? సూటిగా చెప్పండి."

ఎక్కడో దూరపు ఊరి మైదానం నుంచి కూతురు ఫోనులో అలా నిలదీసేసరికి టైలరు చేతిలో కత్తెర ఆగిపోయింది. ఇంకో అరగంటలో ఫైనల్. వరసగా మూడేళ్ళు కప్పు గెలిచిన హాకీ జట్టుకి ఆ అమ్మాయి గోల్‌కీపర్.

"చూద్దాంలేమ్మా. రేపటికల్లా ఇవ్వాల్సిన చొక్కాలున్నాయి."

"మూడేళ్ళుగా ఇదే మాట! రేపటికి మా జట్టే ఉండదు నాన్నా. గెలిచి గెలిచి జనానికి మొహం మొత్తించామట, పేపర్లో రాశారు. చూసేవాళ్ళు లేనప్పుడు జట్టెందుకు అంటోంది జట్టుని నడిపే కంపెనీ. ఇవాళ ఏ వీధిలో ఎన్ని టీవీలు పెట్టారో చూస్తారు. తక్కువైతే సాయంత్రమే ఎత్తేస్తారు. మన వీధిలో అందరికీ చెప్పండి. ముందు మీరు చూడండి."

"చెప్తానమ్మా, అందరికీ చెప్తాను."

"మరి మీరు?"

జవాబు రాకపోయేసరికి అవతల కూతురు ఫోను పెట్టేసింది.

అతను జవాబు చెప్పకపోవడానికి కారణం ఉంది. మూడేళ్ళ కిందట అతను పనులన్నీ పక్కన పడేసి టీవీ ముందు కూర్చున్న రోజున ఆ పిల్ల ఐదు గోల్స్ వదిలేసింది. తర్వాతి మ్యాచ్‌కి ఉండబట్టలేక వంటింటి తలుపు చాటునుంచి తొంగి చూస్తే, ఎదుటి జట్టు పిల్ల వచ్చి గుద్దుకుని కూతురి మోకాలు బెణికింది. ఇంకోసారి టీవీ పెట్టేసి తను వెళ్ళి పెరట్లో కూర్చున్నాడు. ఆ రోజూ ఓటమే. దాంతో తన కళ్ళే కాదు, తన ఇంట్లో టీవీ మోగినా దానికి అచ్చిరాదని తేల్చుకుని టీవీకి దుప్పటి కప్పేశాడు. అప్పట్నుంచి ఆ జట్టు ఓడితే ఒట్టు. పైకి అంటే ఎక్కడ బెడిసికొడుతుందోనని కూతురి దగ్గర కూడా నోరు మెదపలేదు. తల్లి లేని పిల్ల. తన ఆటంటే తండ్రికి లెక్కే లేదనుకుని లోపల్లోపల కుమిలిపోతోందని అతనికి తెలుసు. తెలిసీ దిగమింగుకున్నాడు.

ఇన్ని ఇళ్ళలో నా ఒక్కడి టీవీ మోగకపోతే కొంపలేం మునగవు, మిగతా వాళ్ళచేత పెట్టిస్తే సరి అనుకుని షాపు వదిలి వీధిలోకి వచ్చాడు.

తీరా చూస్తే వీధి వీధంతా గుమ్మాల ముందే ఉంది. సెలూన్ అతను కుర్చీ బయట వేసుకుని తన గడ్డం తనే గీసుకుంటున్నాడు. మందుల షాపావిడ తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తోంది. ఆ పిల్ల చేత మొట్టమొదట హాకీ కర్ర పట్టించిన డ్రిల్లు మాష్టారు ఇంటికి వీపు పెట్టి మెట్ల మీద కూర్చున్నారు. ఏ ఇంట్లోంచీ టీవీ చప్పుడు లేదు.

"అదేంటి మాష్టారూ, మ్యాచ్ మొదలైపోతుంటే ఇక్కడ కూర్చున్నారు?"

"ఏముందయ్యా చూడ్డానికి? ఎలాగూ గెలుస్తారుగా" అన్నారు మాష్టారు, అతని మొహం చూడకుండా.

"అవును బాబాయ్, ఎప్పుడూ గెలిచే ఆటలో మజా ఏముంది?" అని వంత పాడాడు సెలూన్ అతను.

"నాకు బేరాల వేళ అన్నయ్యా" అంది మందుల షాపావిడ. షాపులో నరమానవుడు లేడు.

టైలరుకి ఒళ్ళు మండిపోయింది. "మీరంతా ఎత్తుకుని తిప్పిన పిల్లయ్యా అది! కప్పు తెచ్చినప్పుడల్లా మా పిల్ల, మా పిల్ల అని చెప్పుకు తిరిగారే! ఇవాళ చూడకపోతే ఆ జట్టునే ఎత్తేస్తారు. ఒక్క గంట టీవీ పెడితే మీదేం పోయింది?"

"మరి నీ ఇంట్లో మోగట్లేదేం బాబాయ్?"

"మాది పాడైంది" అన్నాడు టైలరు.

అయినా ఎవరూ లోపలికి వెళ్ళలేదు. ఇంత విశ్వాసం లేని మనుషుల మధ్యనా నేను పిల్లని పెంచింది అనుకుంటే అతనికి ఏడుపు ముంచుకొచ్చింది. పోనీ తనే దుప్పటి తీసేద్దామని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళాడు. బెణికిన మోకాలు గుర్తొచ్చి రెండుసార్లూ వెనక్కి వచ్చేశాడు.

రెండు గంటలు దాటాక ఫోను మోగింది.

"గెలిచాం నాన్నా" అంది కూతురు. అని భోరుమంది. "ఒక్క గోల్ కూడా వదల్లేదు. కప్పు చేతికిచ్చి, అక్కడే చెప్పేశారు, జట్టు తీసేస్తున్నామని. అన్ని చోట్లకన్నా మన ఊళ్ళోనే చూసినవాళ్ళు తక్కువట. వాళ్ళ లెక్కల్లో మన వీధి పేరుకి ఎదురుగా సున్నా ఉంది నాన్నా, నా కళ్ళతో నేను చూశాను. నేను మీకెవరికీ అక్కర్లేదా?"

"అమ్మా, అది కాదే..." అనేలోగా ఫోను ఆగిపోయింది.

మాష్టారు అప్పటికే లేచి దగ్గరికొచ్చారు. "ఏమైందయ్యా?"

"జట్టు పోయింది మాష్టారూ. మీ అందరి పుణ్యమా అని పోయింది."

"అదలా ఉంచు. ఆట ఏమైంది?"

"గెలిచింది. ఒక్క గోల్ కూడా ఇవ్వలేదట."

మాష్టారు కళ్ళు తుడుచుకున్నారు. "నాకు తెలుసయ్యా. నేను చూసిన రోజే దానికి గోల్ పడుతుంది. అందుకే గుండె రాయి చేసుకుని మూడేళ్ళుగా టీవీ పెట్టడం మానేశాను."

సెలూన్ అతనూ, మందుల షాపావిడా, గుమ్మాల ముందున్న వాళ్ళంతా ఒక్కసారిగా తలలెత్తి ఆయన వైపు చూశారు, తమ గుట్టు ఈయనకెలా తెలిసిందా అన్నట్టు.