నలభై ఒకటో మనిషి

గేటు దగ్గర మళ్లీ ఎవరూ లేరు.

జన్యు పరీక్షల ల్యాబులో రిపోర్టులు రాసే అమ్మాయి హారన్ కొట్టి కొట్టి విసిగిపోయింది. ఎట్టకేలకు బాత్రూం వైపు నుంచి వాచ్‌మన్ తాత కుంటుకుంటూ వచ్చాడు. చంకలో ఎప్పటిలాగే రెండు లీటర్ల నీళ్ల సీసా.

"గంటకోసారి మాయమైపోతే ఎలా తాతా?"

"కోప్పడకమ్మా. మీ పనిలో నేనూ ఉన్నాను," అన్నాడు నవ్వుతూ.

గొప్పలకేం తక్కువ లేదనుకుని, ఆ రోజే మేనేజరుకు ఫిర్యాదు రాసి పడేసింది. వారం తిరక్కుండా తాతను పనిలోంచి తీసేశారు.

ఆమె అసలు తలనొప్పి వేరే ఉంది. ఒక పన్నెండేళ్ల పిల్లకు షుగర్. తల్లికీ, మేనమామకీ కూడా అంతే. ముగ్గురి జన్యువులోనూ ఒకే చోట ఒకే డీఎన్‌ఏ అక్షరం మారింది. జబ్బుకు కారణం అదేనని తేలితే పిల్లకు రోజూ సూదులు తప్పుతాయి, మాత్రతో సరిపోవచ్చు. తీరా చూస్తే, పోల్చి చూసేందుకు ల్యాబు దగ్గరున్న వందమంది ఆరోగ్యవంతుల జాబితాలో నలభై ఒకటో మనిషికీ అదే మార్పు ఉంది.

జబ్బు తెచ్చే అక్షరమే అయితే అతనికెందుకు రాలేదు?

బుర్ర బద్దలు కొట్టుకుంది. తేలిందనుకున్న ప్రతిసారీ ఆ నలభై ఒకటో వాడు అడ్డొచ్చేవాడు. చివరికి 'అర్థం తేలని మార్పు' అని రాసి పంపేసింది.

రెండు నెలలు గడిచాయి. ఒక పొద్దున గేటు తీస్తూ కొత్త వాచ్‌మన్ చెప్పాడు, పాత తాత పోయాడని. కాలి పుండు మానక విషమించిందట. అయ్యో పాపం అనుకుని లోపలికి నడిచింది.

గదిలో ఆ పిల్ల తల్లి కూర్చుని ఉంది. సూదులకు పిల్ల పొట్ట మీద చోటు మిగల్లేదని, రిపోర్టులో ఏమీ తేల్చకపోతే ఎలాగని అడిగింది. అమ్మాయి నలభై ఒకటో మనిషి సంగతి విడమరిచి చెప్పింది.

తల్లి వెంటనే అడిగింది.

"ఆయనకు షుగర్ లేదని ఎవరు చెప్పారమ్మా?"

అమ్మాయి లేచి బీరువాలోంచి ఆ వందమందివి, ఆరేళ్ల కిందటి ఫారాలు లాగింది. నలభై ఒకటో ఫారంలో 'షుగర్ ఉందా?' అన్న ప్రశ్నకు ఎదురుగా 'లేదు' అని టిక్కు. అడిగి రాసుకున్నారంతే, పరీక్ష ఎవరూ చేయలేదు.

మనిషిని పిలిపించి ఇవాళే పరీక్ష చేయిద్దామని చిరునామా వెతికింది.

అక్కడ రాసి ఉంది: వాచ్‌మన్, మన గేటు.