నలభై మూడో వెర్షన్

ఏలూరులో తమ తివాచీల దుకాణానికి ఫిర్దౌసే వెబ్‌సైటు చేసింది. పేజీ తెరిచినవారి బ్రౌజర్ ఏ వెర్షనో ఆమె రాసిన స్క్రిప్టు పసిగట్టి ఆమెకు చూపిస్తుంది. నలభై మూడైతే మాత్రం వాళ్ల తెరమీద "భయ్యా, ఇకనైనా ఫోన్ మార్చు" అని వస్తుంది. అంత పాతది వాడేది అన్న నదీమ్ ఒక్కడే. నిరుడు కొల్లేట్లో పడవ తిరగబడి, ఆ ఫోన్‌తో సహా కనబడకుండా పోయాడు.

ఆ రాత్రి కీచురాళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎవరో పేజీ తెరిచారు. వెర్షన్ నలభై మూడు.

"అమ్మీ, భయ్యా ఫోన్‌లోంచి ఎవరో చూస్తున్నారు."

అమ్మీ లేచి వీధి తలుపు గడియ తీసింది. "ఎవరని అడక్కమ్మా. తలుపు తీసే ఉందని రాయి."

ఫిర్దౌస్ పాత మాట చెరిపి అలాగే రాసింది. పేజీ మళ్లీ తెరుచుకుంది.

కాసేపటికి సందు చివర తడి చెప్పుల చప్పుడు మొదలైంది. అమ్మీ అన్నానికి ఎసరు పెట్టింది.