టోకెన్ లేని పెద్దాయన

కుర్చీలోంచి లేవడానికి స్కూలు బస్సు డ్రైవరుకి మూడు ప్రయత్నాలు పట్టింది.

మూడోసారి లేచి నాలుగడుగులు వేశాడు.

"నాయనా, ఎడమ కాలి చెప్పు వదిలేశావు," అన్నాడు పక్క కుర్చీలో పెద్దాయన.

డ్రైవరు కిందికి చూసుకున్నాడు. నిజమే. కాలికి చెప్పు లేదన్న సంగతే తెలియలేదు.

వెన్నుపూసలు సర్దే కైరోప్రాక్టర్ గారి వరండా అది. టైము ఎనిమిదిన్నర. డాక్టరు గది తలుపు తెరిచేది తొమ్మిదింటికి.

ఈ డాక్టర్ని డ్రైవరు ఊరికే ఎంచుకోలేదు. నెల రోజుల పాటు ఫోనులో వీడియోలు చూశాడు. ఎవరి దగ్గర నడుము గట్టిగా టక్కుమంటే వాళ్ళే గొప్ప డాక్టరని అతగాడి లెక్క. చివరికి తోటి డ్రైవరు ఒకడు, ఏ వీడియోలోనూ కనబడని ఈ డాక్టరు పేరు చెప్పి, "ఈయన దగ్గర ఒక్క విరుపు, గుర్రంలా లేచాను," అనేసరికి ఇక ఆగలేదు, భార్యని వెంటబెట్టుకుని వచ్చేశాడు.

ఆత్రం ఉండదా మరి? సోమవారం ఫిట్‌నెస్ పరీక్ష. తప్పితే బస్సు తాళాలు ఇచ్చెయ్యాలి. పద్దెనిమిదేళ్ళుగా పిల్లల్ని బడికి చేర్చడం తప్ప ఇంకో పని ఎరగడు.

"క్లచ్ తొక్కుతుంటే కాలు ఆనుతున్నట్టు తెలుస్తోందా?" అడిగాడు పెద్దాయన.

"నేను డ్రైవర్నని మీకెవరు చెప్పారు?"

"యూనిఫాం చెప్పింది. అడిగినదానికి చెప్పు."

"ఈమధ్య చూసుకుని తొక్కుతున్నాను."

పెద్దాయన కుర్చీ దిగి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"కళ్ళు మూసుకో. ఏ వేలు పట్టుకున్నానో చెప్పు."

పెద్దవాడు కాళ్ళ దగ్గర కూర్చుంటే డ్రైవరుకి సిగ్గేసింది. అయినా కళ్ళు మూసుకున్నాడు.

"ఊఁ, పట్టుకోండి మరి."

ఎంతకీ ఎవరూ పట్టుకున్నట్టు అనిపించలేదు.

డ్రైవరు కళ్ళు తెరిచాడు. ఎడమ కాలి బొటనవేలు పెద్దాయన గుప్పిట్లో ఉంది. పక్కన భార్య మొహం పాలిపోయి ఉంది.

"ఇది ఇక్కడ అయ్యే పని కాదు," అన్నాడు పెద్దాయన. "ఈ డాక్టరు నీ నడుం ముట్టుకోకూడదు."

"అంత చెడ్డవాడా?"

"చెడ్డవాడు కాదు. ఆయన దగ్గర ఉన్నవి పది వేళ్ళు. నీకు కావలసింది కత్తి."

జేబులోంచి కాగితం తీసి ఓ ఆసుపత్రి పేరు రాసిచ్చాడు. పక్కనే 'ఇవాళే' అని రాసి కింద గీత గీశాడు.

భయం వేసినప్పుడు కోపం తెచ్చుకోవడం డ్రైవరుకి అలవాటు.

"ఇక్కడికొచ్చే వాళ్ళని అక్కడికి తోలితే మీకెంత ముడుతుందేమిటి?"

"బాగానే ముడుతుంది," అని నవ్వాడు పెద్దాయన.

భార్య మాత్రం చేతులు జోడించింది. "బాబాయ్ గారూ, మంచి డాక్టరని ఎట్లా గుర్తుపట్టాలండీ మాలాంటివాళ్ళం?"

"వచ్చీ రాగానే చెయ్యి వేసేవాడి దగ్గర్నించి లేచి వచ్చెయ్యమ్మా. ముందు అడగాలి, తర్వాత చూడాలి. 'ఇది నావల్ల కాదు' అనడం రాని డాక్టరు గుమ్మం అసలు తొక్కొద్దు."

వెళుతూ వెళుతూ డ్రైవరు, టోకెన్లిచ్చే అమ్మాయి బల్ల దగ్గర ఆగాడు.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీ వరండాలోనే ఒక బ్రోకరు కూర్చుని వచ్చినవాళ్ళని తోలేస్తున్నాడు. ఆయనకి టోకెన్ కూడా లేదు. డాక్టరు గారికి చెప్పమ్మా."

"ఆయనకి తెలుసండీ," అంది అమ్మాయి తలెత్తకుండా.

రోడ్డు మీద డ్రైవరు ఇంకో కైరోప్రాక్టర్ దగ్గరికి పోదామన్నాడు. భార్య కాగితం గుప్పిట్లోనే పట్టుకుని ఆటో పిలిచింది.

"బ్రోకరైతే బ్రోకరు. వేలు పట్టుకున్నది నిజం. మీకు తెలియలేదన్నదీ నిజం. ఎక్కండి."

ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు.

"డిస్కు చిట్లి నరం మీద కూర్చుంది," అన్నాడు సర్జన్ మర్నాడు. "దీన్ని ఎవరైనా ఒక్క విరుపు విరిచి ఉంటే, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయ్యేది. ఈ కాలు ఇక లేచేది కాదు."

డ్రైవరు దుప్పటి మొహం మీదికి లాక్కుని ఏడ్చాడు.

బడివాళ్ళు మంచివాళ్ళు, గడువిచ్చారు. అయిదో నెలలో పరీక్ష నెగ్గాడు. ఆ రోజు క్లచ్ మీద కాలు ఆనడం తెలిసినప్పుడు అతనికి ఆ పెద్దాయనే గుర్తొచ్చాడు. అంత పెద్దమనిషిని పట్టుకుని ఎంత మాటన్నానని సిగ్గుపడ్డాడు. కాళ్ళకి దణ్ణం పెట్టి క్షమించమని అడగాలనుకున్నాడు.

మర్నాడే భార్యతో వెళ్ళాడు.

వరండాలో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. టోకెన్ల అమ్మాయి ఒక్కతే ఎక్స్‌రే కవర్లు ముందేసుకుని, ఎవరివి వాళ్ళకి పంపడానికి పేర్లు రాస్తోంది.

"అమ్మాయ్, ఇక్కడ రోజూ ఒక పెద్దాయన కూర్చునేవారు..."

"పోయారండీ. ఇరవై రోజులైంది. నిద్రలోనే."

డ్రైవరు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డ్రైవరు బల్ల దగ్గరికి వచ్చాడు.

"పోనీ డాక్టరు గారినైనా ఒకసారి కలిసి వెళతానమ్మా. ఆ మహానుభావుణ్ణి ఇన్నాళ్ళూ తన వరండాలో కూర్చోనిచ్చినందుకు ఆయనకో దణ్ణం పెట్టాలి."

అమ్మాయి కలం పక్కన పెట్టింది.

"డాక్టరు గారూ పోయారండీ."

"అయ్యో. ఇద్దరూ ఒక్కసారేనా?"

"ఇద్దరు కాదండీ," అంది అమ్మాయి, "ఇద్దరూ ఒక్కరే."