గోడకి అవతలి నవ్వు

"రిమోట్ ఇవ్వు గిరిజా, సీరియల్ మొదలైపోయింది."

"ఇవ్వను. ఆ పాత బ్రిటిష్ రాజుల కామెడీకి మీరు నవ్వడం, అదే చూస్తున్న పక్కింటి బ్రిజిడ్ గోడ తట్టడం, మీరూ తిరిగి తట్టడం! ఐర్లండ్‌లో ఈ వాటర్‌ఫోర్డ్ ఊరికి వచ్చాక నాతో ఎప్పుడైనా అలా నవ్వారా?"

పద్మనాభం రిమోట్ కోసం చెయ్యి చాపాడు.

గోడ అవతల నవ్వు, వెంటనే తట్టిన చప్పుడు.

"మీరు తట్టారంటే ఊరుకోను."

బ్రిజిడ్ మళ్ళీ తట్టింది. ఈసారి నవ్వు లేదు.

గిరిజ ఫోన్ మోగింది.

"డాక్టర్‌గారు బాగున్నారా? ఇవాళ తిరిగి తట్టలేదు. ఆయన చేసేది కోవిడ్ వార్డులో కదా..." అడిగింది బ్రిజిడ్. "జబ్బు చేసినప్పుడు మా ఆయన కూడా ముందు నవ్వడమే మానేశాడు."

గిరిజ టీవీ పెట్టింది. తనే గోడ తట్టింది.

"కాస్త జరగండి," అంది భర్తతో. "ఆవిడ దేనికి నవ్విందో నాకూ చెప్పండి."