ఒంటిగంటకు తగ్గే వేడి

"మళ్ళా వేడి పడిపాయెనే! చూడప్పా, ఇది వంకాయ రంగా, చెరువు బురద రంగా?"

షెడ్డు ఓనరు హనుమంతరాయుడు రంగు తొట్టిలోంచి తీసిన పట్టు దారాల చిలపను ప్రవీణ్ ముఖం ముందర ఆడించినాడు. సగం ముదురు, సగం వెలవెల. బాయిలర్ పక్కన స్టూలు మీదున్న రంగప్ప లేచి, కూర్చుని, మళ్ళా లేచినాడు.

ధర్మవరంలోని ఆ రంగుల షెడ్డులో రంగప్పది ఇరవై ఆరేండ్ల కొలువు. ఆవిరి ఎంత వదలాల, తొట్టి ఎంత కాగాల, అంతా ఆయన చేతి కిందనే. పోయిన నెల ప్రవీణ్ వచ్చి గోడకు ఒక పెట్టె బిగించినాడు. ఇంక వేడి సంగతి అదే చూసుకుంటుందంట. "ఒకటో తేదీ నుంచి నువ్వు రానక్కర్లేదులే రంగప్పా, ఇంటికాడ సుకంగా ఉండు," అని రాయుడు అన్న పొద్దు నుంచి ముసలాయనకు అన్నం సయించడం లేదు. ఇంటికాడ ఏముండాది? మంచం పట్టిన పెండ్లాం రామాంజినమ్మ, తలకాడ ఆమె మందుల చీటీలు.

వారం రోజులుగా ఇదీ వరస. ఒంటిగంట దాటితే తొట్టి వేడి దిగజారుతాంది. రెండుకు మళ్ళా ఎక్కుతాంది.

"ఒంటిగంటకు అందరూ అన్నానికి పోతారు," రాయుడు ఒక్కో మాటా నొక్కి అన్నాడు. "షెడ్డులో ఉండేది ఒక్కడే. బాయిలర్ వెనకాల వాల్వు ఒక చుట్టు తిప్పితే చాలు, పెట్టె గూడా ఏమీ చేయలేదు."

"నన్నేనా సామీ అనేది?" రంగప్ప ఒకడుగు ముందుకేసినాడు. "మీ నాయన కాలం నుంచి ఈ సెగలో ఉడికినోన్ని."

చిలపలు పిండుతున్న సరోజమ్మ ఊరుకోలేదు. "పెట్టె తెచ్చినోన్ని వదిలి పెద్దాయన మీద పడితే ఎట్ల రాయుడన్నా?"

"నువ్వు నీ పని చూసుకో. ప్రవీణూ, నీ పెట్టెలో అన్నీ రాసుంటాయంటివే, తియ్యి. ఈయప్పే చేసుంటే ఒకటో తేదీ దాకా ఎందుకు, ఇప్పుడే గేటు దాటిస్తా. ధర్మవరంలో ఇంకే షెడ్డులోనూ కాలు పెట్టనీను."

ప్రవీణ్ ల్యాప్‌టాప్ తెరిచినాడు. తెర మీద గీతలు ఎక్కుతా దిగుతా ఉండాయి. రంగప్ప అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. ప్రవీణ్ వేలు ఒంటిగంట గీత కాడ నిలిచింది. తలెత్తి రంగప్పను చూసి, మళ్ళా తెర వైపు తిరిగినాడు.

"ఏమబ్బా, నోట్లో ఏమన్నా పెట్టుకున్నావా?"

"తప్పు నాదే సార్."

సరోజమ్మ చేతులు ఆగినాయి.

"నేను బెంగుళూరులో మాల్స్‌కు, ఆఫీసులకు ఏసీలు చూసినోన్ని. ఆడ అంతా మనిషిని బట్టే. జనం ఉంటే చల్లగా ఉండాల, పోతే తగ్గించేయాల. అందుకని కప్పుకు మనిషి కదలికను కనిపెట్టే సెన్సర్ పెడతాము. ఆ అలవాటున పోయిన వారం ఈడ గూడా బిగిస్తి." పైనున్న తెల్లటి బిళ్ళను చూపించినాడు. "అందరూ అన్నానికి పోతానే, షెడ్డు ఖాళీ అనుకుని అది ఆవిరి తగ్గిస్తాంది."

"ఈయప్ప ఉంటాడు గదప్పా ఈడ?"

"కదలకుండా స్టూలు మీద కూర్చునే మనిషి దానికి కనపడడు సార్."

సరోజమ్మ ఫక్కున నవ్వింది. "ఇన్నేండ్లు చేస్తే రంగప్పన్న మనిషి కిందికి రాలేదా!"

రాయుడు నవ్వలేదు. "తొట్టిలో ఉండేది పట్టా, పెండ్లివారా? భోజనానికి లేచినారని ఏసీ తగ్గించేదానికి! మాల్ తెలివి తెచ్చి నా నెత్తిన రుద్దుతావా?"

"అదే సార్ తేడా. ఆడ మిషను ఒక గంట తప్పు చేస్తే జనానికి చెమట పడుతుంది, అంతే. ఈడ పది నిమిషాలకే సరుకు పోతుంది. బాయిలర్ కాడ అయితే ప్రాణాలే పోతాయి. మాల్‌లో పెట్టెను నమ్మి మనిషి ఇంటికి పోవచ్చు. ఫ్యాక్టరీలో పెట్టె పక్కన పని తెలిసిన మనిషి ఉండి తీరాల. ఆ మాట మీకు ముందే చెప్పకపోవడం నా రెండో తప్పు."

రాయుడు ఆ బిళ్ళను, రంగప్పను మార్చి మార్చి చూసినాడు.

"దాన్ని ఇప్పుడే పీకెయ్. హిందూపురంలో మా బావ షెడ్డు పని నీకే ఇప్పిద్దామనుకుంటి. ఇంక ఆ మాట మర్చిపో." తరువాత ఎటో చూస్తా, "నువ్వు ఒకటో తేదీ తర్వాత గూడా రా రంగప్పా. పెట్టె పక్కనే ఉండు," అనేసి విసవిసా పోయినాడు. సరోజమ్మ చిలపలు భుజానేసుకుని ఎండలోకి నడిచింది.

ప్రవీణ్ నిచ్చెన ఎక్కినాడు. కింద రంగప్ప నిచ్చెన పట్టుకున్నాడు.

"నీ పని చెడిపాయెనే నాయనా."

ప్రవీణ్ బిళ్ళ ఊడదీసుకుని దిగి, వాకిలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించినాడు.

"దీనికి నేనింకా వైరే తగిలించలేదు మామా, రేపట్నుంచి ఆ వాల్వు తిప్పొద్దు."